తిరగబడ్డ పికప్

పిలుస్తామన్నారు, ఇంకా పిలవలేదు. పిలిచేదాకా ఇక్కడే కూర్చోండి మేడమ్ అని కంపెనీ మేనేజరు ఈ గదిలో కూలేసి పోయాడు. అద్దం చుట్టూ బల్బులు, అందులో ఒకటి ఆరిపోయింది, చూపు ఎందుకో ఆ ఆరిపోయినదాని మీదికే పోతోంది. బల్ల మీద మూత పెట్టిన మంచినీళ్ల గ్లాసు, పైన మూలకి ఓ స్పీకరు డబ్బా, స్టేజీ మీద ఎవరు దగ్గినా అందులో వినిపిస్తోంది. ఒళ్లో కొత్త గిటార్, పక్కన స్టాండు మీద పాతది. మార్చి మార్చి చూస్తే రెండూ కవలలే. పాతదానికి ఎక్కడ రంగు పోయిందో కొత్తదానికీ అక్కడే పోయింది, ఆమె మోచెయ్యి ఇన్నేళ్లు రాసుకుని రాసుకుని అరగదీసిన చోటును ఫ్యాక్టరీలో ఒక్క పూటలో అరగదీసి పారేశారు. ఇంత తేలికైన పనికా నేను ఇన్నేళ్లు తీసుకున్నాను అనుకుంది. గిటార్ తల మీద బంగారు రంగులో ఆమె పేరు, అంటే అసలు పేరు కాదు, లోకం పిలిచే పేరు, పిచ్చుక, ఆమె చేతిరాతనే అచ్చు వేశారు. ఇవాళ ఇది బజారులోకి వస్తోంది. ముగ్గురు గిటారిస్టులు స్టేజీ మీద కూర్చుని దీని మంచీ చెడ్డా చెబుతున్నారు, అది కాగానే ఆమె వెళ్లి కాసేపు వాయించాలి, ఆ తర్వాత ఒక ప్రశ్న. ఒకే ఒక్క ప్రశ్న మేడమ్, కంగారేం లేదు, అన్నాడు మేనేజరు, ఈ పికప్‌ని ఇలా తిరగేసి పెట్టాలన్న ఆలోచన మీకెలా వచ్చింది, అంతే. అంతేనట. ఎన్ని చోట్ల అడగలేదు, ఎన్ని చోట్ల నవ్వుతూ చెప్పలేదు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు ఆ జవాబు. కానీ ఇవాళ ముందు వరసలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు.

రాడనుకుంది. ఎప్పుడూ రాడు కాబట్టే పిలిచింది, ఒప్పుకోవద్దూ. వదినకి ఫోన్ చేసి, వీలైతే రండి, అంది, ఆ వీలైతేలో ఎంత రావద్దని ఉందో వదినకి తెలియకుండా ఉంటుందా, తెలిసే మొగుణ్ణి బయల్దేరదీసింది, వదిన ఘటికురాలు. ఇందాక తెర సందులోంచి చూసింది ఆయన్ని. మడత విప్పి తొడిగిన కొత్త చొక్కా, పెట్టెలోంచి తీసినట్టే మడతలన్నీ కనబడుతున్నాయి, ఒళ్లో రెండు చేతులు, పని లేకపోతే ఏం చేసుకోవాలో తెలియని వడ్రంగి చేతులు. ఆ చేతుల ముందు నిలబడి ఈ ఆలోచన నాదే అనాలి. ఆయన లేనిచోట అనడం అలవాటైపోయింది, అలవాటైన అబద్ధం పాత చెప్పులా కాలికి హాయిగా ఉంటుంది. ఎదురుగా ఎప్పుడూ అనలేదు, అంటే ఒక్కసారి అంది, ఆ ఒక్కసారీ చాలు.

స్పీకరులో పెద్దాయన గొంతు. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో కూడా ఆయన్ని అందరూ పెద్దాయన అనే అనేవాళ్లు, అంత గంభీరంగా వాయించేవాడు మరి. "నన్నడిగితే సంతకం గిటార్లన్నీ ఒకే తాను ముక్కలు," అంటున్నాడు. "మెడకి అటూ ఇటూ రెండు కొమ్ములుండే ఆ పాత మోడల్ మనందరికీ తెలుసు, దాన్ని మించిన ఆకారం ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ప్రతి కంపెనీ దాన్నే దించుతుంది. ఓ కొమ్ము కాస్త సాగదీసి, రంగు మార్చి, ఎవరిదో సంతకం కొట్టి మనకి అంటగడుతుంది." జనం నవ్వారు. పిల్లలకి గిటార్ నేర్పే టీచరమ్మ ఊరుకునే రకం కాదు, "దించితే దించారు మాస్టారూ, వాయించే వేళ్లకి నకలేదో అసలేదో తెలుసా? నా దగ్గరికొచ్చే పిల్లలు అసలుదాన్ని అద్దాల బీరువాలో చూడ్డమే గానీ ముట్టుకున్న పాపాన పోలేదు," అంది. వీడియోలు చేసి పేరు తెచ్చుకున్న మూడో అతను మధ్యలో దూరి, నకలు అన్న మాటే తప్పండీ, నివాళి అనాలి, అన్నాడు. నివాళి అట. ఎంత చల్లగా చెబుతాడో, అతని వీడియోలు చూసి సగం ప్రపంచం గిటార్లు కొంటుంది, మిగతా సగం తిట్టుకుంటుంది.

నకలు అన్న మాట ఆమెకి రంపపు పొట్టు వాసనతో కలిసే వస్తుంది. అదే కావాలి, రెండు కొమ్ములదే కావాలి అని అన్నం మానేసి గోల చేసిన వయసు, అసలుదాని దరిదాపుల్లోకి పోగల ఇల్లా అది, అన్నయ్య అప్పుడు బీరువాలూ అల్మారాలూ చేసే షాపులో పనివాడు. ఏడవకే పిచ్చుకా, నేను చేసిస్తాగా, అన్నాడు, బల్ల చేసిస్తా అన్నంత మామూలుగా. పిచ్చుక అని మొదట పిలిచింది ఆయనే, పళ్లెంలో ఏం పెట్టినా కాస్త కొరికి వదిలేసేదని. క్యాసెట్ల కొట్టులో గోడంత పోస్టరు ఉండేది, అందులో గిటార్ పట్టుకున్నాయనది ఎడమచేతి వాటం, గిటార్ కూడా ఆ వాటానికే చేసింది. అన్నయ్య కొట్టువాణ్ణి బతిమాలి, పోస్టరు మీద పలచటి కాగితం పరిచి, పెన్సిలుతో ఆకారమంతా గీసుకొచ్చాడు, పికప్ దగ్గర గీతలు మరీ సన్నంగా ఉండి కుదరక, దాన్ని మాత్రం ఇంకో చిన్న కాగితం మీద విడిగా గీశాడు. పికప్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు, తీగల కింద అడ్డంగా ఉండే అయస్కాంతపు పట్టీ, తీగ వణికితే ఆ వణుకుని పట్టుకుని స్పీకరుకి పంపుతుంది. ఆ మోడల్లో అది తిన్నగా ఉండదు, ఓ పక్కకి వాలి ఉంటుంది. చెల్లెలిది కుడిచేతి వాటం కదా అని పెద్ద కాగితాన్ని తిరగేసి చెక్క మీద పెట్టి కోశాడు. చిన్న కాగితాన్ని తిరగేయడం మరిచిపోయాడు. ఇంత కథకీ అదే మూలం, అంతకన్నా ఏమీ లేదు.

చెక్క కూడా ఏ అడవి నుంచో వచ్చింది కాదు, కోళ్లు విరిగి మూలన పడ్డ అమ్మ మంచం తలాపు పలక. అందులో బోల్టు దిగే చోట ఓ చిల్లు ఉంటే, దాన్ని గుండ్రటి చెక్కబిళ్లతో మూసి నున్నగా చిత్రిక పట్టాడు. రాత్రుళ్లు నిద్ర రాక అమ్మ గోళ్లతో గీసిన గీతలు వెనకవైపు ఉండేవి, వాటిని చిత్రిక పట్టకుండా వదిలేశాడు, ఉండనీలే అన్నాడు. రంగు వేసి తీగలు ఎక్కించి ఆమె చేతికిచ్చిన రోజు ఆమె ఆయన పని చేసుకునే షెడ్డులోంచి బయటికి రాలేదు. వాయిస్తూనే ఉంది, వేళ్ల చివర్లు పగిలేదాకా. సన్నతీగలు చెవిలో సూదిలా గుచ్చుకోకుండా గుండ్రంగా, ఎవరో పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నట్టు పలికేవి. ఎందుకలా పలుకుతున్నాయో ఆలోచించే తెలివి ఆమెకి లేదు, ఆయనకీ లేదు. తర్వాత ఎప్పుడో ఆయనే పోస్టరునీ దీన్నీ పోల్చి చూసుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు. పప్పులో కాలేశానే, అన్నాడు, పికప్ తిరగబడింది, ఇలా ఇవ్వు, విప్పి సరిచేస్తాను. ఇప్పుడు విప్పితే నేను రికార్డింగుకి ఏం పట్టుకెళ్లాలి, తర్వాత చూద్దాంలే అంది. అనాల్సింది అది కాదు, దీని గొంతు నాకు ఇలాగే నచ్చింది అన్నయ్యా అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది. నోట్లో నాలుక లేని పిల్లేం కాదు కదా తను. అనలేదు, తోచలేదు.

రికార్డింగు గది గుర్తుంది, గోడలకి గోనెపట్టా, తలుపు వేస్తే చెవులు మూసుకుపోయినట్టుండేది. గిటార్ పట్టుకున్న ఆడపిల్లని అందరూ వింతగా చూస్తున్నారు, వాళ్లలో పెద్దాయన, అప్పటికింకా చిన్నవాడే, వంగి ఆమె ఒళ్లోకి చూసి, ఇదేంటమ్మా పికప్ తిరగేసి పెట్టారు, అన్నాడు. ఎగతాళిగా కూడా కాదు, ఊరికే. గదిలో ఉన్నవాళ్లంతా తిరిగారు. ఒక్కసారిగా తల కొట్టేసినట్టయింది, మా అన్నయ్య చేశాడు, వడ్రంగి, మరిచిపోయాడు అని చెప్పాలా అక్కడ, కోటు వేసుకున్న వయొలిన్ల వాళ్ల ముందు. "కావాలనే పెట్టించుకున్నానండీ," అంది. "సన్నతీగలు చెవిలో గుచ్చుకోకుండా." ఆ మాట నోట్లోంచి వచ్చాకే అది నిజమని ఆమెకి తెలిసింది, చిత్రం కాదూ, అబద్ధం ఆడబోయి నిజం కనిపెట్టింది. పెద్దాయన గిటార్ అడిగి తీసుకుని, నాలుగు స్వరాలు వాయించి, తలెత్తి ఆమెని ఎగాదిగా చూసి, భలే ఆలోచనమ్మాయ్, అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆ ఆలోచన ఆమెదైపోయింది. పత్రికల వాళ్లు అడిగారు, రేడియో వాళ్లు అడిగారు, గోరంత కొండంత అయి, చివరికి సన్నతీగల గురించి ఎన్నో రాత్రులు మథనపడి కనిపెట్టిన పిల్లగా తనే తనకి కనబడడం మొదలైంది.

ఆ సాయంత్రం షెడ్డుకి వెళ్లి చెప్పింది ఆయనకి. చెప్పకపోతే ఎవరో ఒకరు చెబుతారన్న భయం, చెబితే ఏమంటాడోనన్న భయం. పికప్ గురించి అడిగారు అన్నయ్యా, నేనే కావాలని పెట్టించుకున్నానని చెప్పాను, అంది. ఆయన చిత్రిక ఆపాడు. ఆమెని చూశాడు. మెడ దగ్గర ఎర్రబడింది, ఇంత ఎర్రగా ఆయన మెడని ఎప్పుడూ చూడలేదు. తర్వాత అటు తిరిగి, సరే, అన్నాడు, ఆ ఒక్క మాటే, అటు తిరిగే ఉన్నాడు ఆమె గుమ్మం దాటి వెళ్లేదాకా. కోపం వచ్చింది, రాదూ మరి, చేసింది ఆయన, చప్పట్లు నాకు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఒకటే మాట, గిటార్ ఓసారి ఇచ్చిపోవే, సరిచేసిస్తాను, అనేవాడు. ఆ మాటలో ఆమెకి వినబడింది వేరు, నాది నాకిచ్చెయ్యవే అని వినబడేది. అందుకని వెళ్లడం తగ్గించింది. పండక్కో పబ్బానికో వదినకి చీరో, పిల్లలకి బట్టలో పంపి చేతులు దులుపుకునేది. షెడ్డు గోడకి రెండో గిటార్ కోసం కోసిన చెక్క ఒకటి, రెండు కొమ్ములతో, సగం పనితో వేలాడుతుండేది. కొన్నాళ్లకి వెళ్లి చూస్తే దానికి నాలుగు కాళ్లు కొట్టి స్టూలు చేసేశాడు, వదిన దాని మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది, ఓ కొమ్ము ఇటు, ఓ కొమ్ము అటు. ఆమెని చూసి లేచి నిలబడింది. ఇంకో గిటార్ చేయవా అన్నయ్యా అని అడగడానికి నోరు రాలేదు, కోపంతోనే మానేశాడనుకుంది, నా మీద కోపంతో తన చేతుల్ని కట్టేసుకున్నాడనుకుంది. అది మింగలేక కక్కలేక ఇన్నేళ్లు తిరిగింది.

"ఈ గుండ్రటి బిళ్ల సంగతి చూడండి," అంటున్నాడు వీడియోల అతను స్పీకరులో. "చాలామంది అలంకారం అనుకుంటారు. కాదు. చెక్కలో ప్రకంపనని మధ్యలో ఆపి రెండుగా చీల్చడానికి పెట్టారు. ఆవిడ ఎంత దూరం ఆలోచించారో." ఆమె ఒళ్లోకి చూసుకుంది. నిజమే, ఫ్యాక్టరీ వాళ్లు బిళ్లని కూడా దించేశారు, అచ్చం అంతే, అక్కడే. అమ్మ మంచం బోల్టు చిల్లు. నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వేసింది ఒక్కతే, నవ్వు సగంలో ఉండగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వెనకవైపు తిప్పి చూసింది, గోళ్ల గీతలు మాత్రం లేవు. అరుగుదల అనుకుని వాటిని నున్నగా తీసేసినట్టున్నారు. "పికప్ మాత్రం ఆవిడ సొంతం," అంటోంది టీచరమ్మ, "మిగతాదంతా నకలే అనుకోండి, ఆ వాలు ఒక్కటి చాలు." పెద్దాయన ఒప్పుకున్నాడు. "దానికి నేనే సాక్షిని. ఆ రోజు నేను అడిగితే ఆ అమ్మాయి టక్కున చెప్పింది, నాకిప్పటికీ గుర్తే." ఇంకేం, సాక్షి కూడా దొరికాడు. ఈ ముగ్గురూ పొగుడుతున్నది ముందు వరసలో కూర్చున్న మనిషిని. ఆయనకి వినబడుతూనే ఉంటుంది ఇదంతా. ఏమనుకుంటున్నాడో.

తలుపు చప్పుడైంది. మేనేజరనుకుని కొంగు సర్దుకుని లేవబోయింది, అన్నయ్య. కొత్త చొక్కా మెడ పట్టేస్తోంది కాబోలు, వేలు దూర్చి లాక్కుంటున్నాడు. మీ వదిన వెళ్లి చూసి రమ్మంది, అన్నాడు, తను రావాలనుకుని వచ్చినప్పుడు కూడా వదిన మీదే పెడతాడు. జుట్టు నెరిసిందే, అన్నాడు ఆమెతో, తనది చూసుకోకుండా. తర్వాత ఆమె ఒళ్లోంచి కొత్త గిటార్ అందుకున్నాడు, పాపాయిని అందుకున్నట్టు కింద చెయ్యి పెట్టి, వెలుతురుకి తిప్పాడు, బొటనవేలితో అంచు రాశాడు. పికప్ దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇదీ తిరగబడే ఉందేంటే?" అన్నాడు.

ఆమె స్టాండు మీది పాతదాని వైపు చూసింది.

"నకలు తీయమంటే తప్పులు కూడా దించేస్తారా వీళ్లు? నువ్వు చెప్పలేదా? ఇన్ని గిటార్లు, అన్నిట్లో ఇదే తప్పు పోతుంది కదే. అక్కడ చూడబోతే ఆ ముగ్గురూ దాని గురించే మాట్లాడుతున్నారు. ఎన్నాళ్లు ఎత్తి చూపుతారో, ఒకటే మాట, పికప్ తిరగబడింది, పికప్ తిరగబడింది." గొంతు తగ్గించాడు. "పొగుడుతున్నట్టే అంటున్నారులే, నీ మొహం చూసి. నాకు తెలీదా."

"అన్నయ్యా, అది తప్పు కాదు. నిజంగానే..."

"ఊరుకో. నా దగ్గర కూడానా ఆ మాట." నవ్వాడు, ఎంత మెత్తగా నవ్వాడో. "ఆ రోజు నువ్వు షెడ్డుకొచ్చి, నేనే పెట్టించుకున్నానని చెప్పాను అన్నావు చూడు, నాకు నోట మాట రాలేదు. అంతమంది పెద్దవాళ్ల ముందు నా తప్పు నీ నెత్తిన వేసుకుని వచ్చావు, ఇంతున్నావు అప్పుడు. అటు తిరిగి ఏడ్చేశాను, నువ్వు చూడకూడదని. అందుకే రెండోది చేయలేదు, మళ్లీ ఎక్కడ ఏం తిరగేస్తానో, మళ్లీ ఎవరికి చుట్టుకుంటుందోనని. ఇన్నేళ్లు మోశావే నా కోసం. మీ వదినతో ఎప్పుడూ అంటుంటాను."

ఎర్రబడ్డ మెడ, సరే అన్న మాట, అటు తిరిగిన వీపు, ఓసారి ఇచ్చిపోవే సరిచేసిస్తాను, అన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగి నిలబడ్డాయి, ఒక్కదానికీ తను అనుకున్న మొహం లేదు. దొంగతనం చేసి వచ్చిన చేతిని ఈయన ఇన్నేళ్లుగా కళ్లకద్దుకుంటున్నాడు. కోపమైనా బాగుండేది, కోపాన్ని భరించొచ్చు. ఆయన చేయని గిటార్లు ఎన్ని, ఆ చేతులు తలుపుల చట్రాలూ బీరువా సొరుగులూ చేసుకుంటూ ముసలివైపోయాయి, ఒక్క మాట కోసం, ఇలాగే నచ్చింది అన్నయ్యా అన్న ఒక్క మాట కోసం. నేను నీ తప్పు మోయలేదన్నయ్యా, నీ గొప్ప మోసుకుపోయాను, అని చెప్పాలి, ఇప్పుడే, ఈ క్షణంలోనే, అని ఆమె మాటలు కూడదీసుకునేలోపే ఆయన గిటార్ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గర ఆగి, "అడిగితే నా పేరు చెప్పకే, అంతమందిలో," అని వెళ్లిపోయాడు.

మేడమ్, రండి, అంటూ మేనేజరు వచ్చాడు. ఆమె పాతదాన్ని తీసుకుంది. కొత్తది మేడమ్, కొత్తది, అంటూ వెంటపడ్డాడు పాపం, వినిపించుకోలేదు. స్టేజీ మీద లైట్లకి ముందు వరస తప్ప ఏమీ కనబడదు, ముందు వరసలో వదిన పక్కన ఆయన, చేతులు మళ్లీ ఒళ్లో. వాయించింది. ఏం వాయించిందో ఆమెకే తెలీదు, గిటార్ వెనకవైపు అమ్మ గోళ్ల గీతలు పొట్టకి తగులుతున్నాయని మాత్రం తెలుసు, సన్నతీగలు ఆ మొదటి రోజు పలికినట్టే పలికాయి. జనం చప్పట్లు ఆగాక పెద్దాయనే అడిగాడు, నవ్వుతూ, జవాబు తెలిసినవాడిలా, "చెప్పమ్మా, ఈ పికప్‌ని తిరగేసి పెట్టాలన్న ఆలోచన నీకెలా వచ్చింది?"

చెప్పకే అన్నాడు ఆయన. చెబితే ఆయన తల దించుకుంటాడు, చెప్పకపోతే ఆ తల ఇక ఎప్పటికీ లేవదు. మైకు నోటి దగ్గరికి లాక్కుంది. "నాకు రాలేదండీ," అంది. "ఈ గిటార్ చేసింది మా అన్నయ్య. పికప్ అలా పెట్టిందీ ఆయనే. నాదని చెప్పుకున్నదంతా అబద్ధం. దీని గొంతు, మీరు నా గొంతు అంటారే, అది..."

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది, అన్నయ్య లేచి నిలబడ్డాడు. మెడ దాకా ఎర్రబడిపోయి ఉన్నాడు, వదిన చొక్కా పట్టుకుని లాగుతున్నా కూర్చోలేదు, రెండు చేతులూ జోడించి స్టేజీ మీది ముగ్గురికీ దణ్ణం పెట్టాడు.

"తప్పయిపోయిందండీ," అన్నాడు. "చిన్న కాగితం తిరగేయడం మరిచిపోయాను. అమ్మాయి తప్పేం లేదు. ఇస్తే సరిచేస్తానని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను."

పెద్దాయన ఆమె వైపు చూశాడు, గిటార్ వైపు చూశాడు, ఆ మడతల చొక్కా మనిషి వైపు చాలాసేపు చూశాడు. మెల్లగా లేచి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు, టీచరమ్మ లేచింది, వెనక వరసలు ఒక్కొక్కటే లేచాయి. ఆమె మైకు దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఎవరో గొప్పవాళ్లు లోపలికి వచ్చారేమోనని అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు.